హ్యూస్టన్‌లో మకాన్ వెతికేవాళ్ళకి



ఎండాకాలం వచ్చిందంటే నాకు బాపట్ల, చీరాల, రేపల్లె, తెనాలి వైపు నుంచి ఫోన్లు ఎక్కువవుతాయి. ఒకరి కొడుక్కి హ్యూస్టన్‌లో నౌకరీ వచ్చి ఉంటుంది, ఇంకొకరి కూతురు నికాహ్ అయ్యి షౌహర్‌తో బయల్దేరుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ షహర్‌లో ఉన్నవాణ్ణని నన్ను అడుగుతారు. సలాం దువా అయ్యాక మొదటి సవాల్ ఎప్పుడూ ఒకటే: "భాయ్, ఏరియా షరీఫ్ మనుషులదేనా? బద్నామ్ మొహల్లా కాదు కదా?" తర్వాత మస్జిద్ ఎంత దూరం అంటారు. ఆ తర్వాత హలాల్ గోష్త్.

వాన పడితే అక్కడ నీళ్ళు ఎటు పోతాయి అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. తుఫాను పేరు వింటే పెట్టెలు అటక మీదికి ఎక్కించే సముద్రం ఒడ్డు వాళ్ళం. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మన దాదా దాదీలు చెప్పగా విన్నాం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి మనం అమెరికా అనేసరికి నీళ్ళ సంగతి మర్చిపోయి, మొహల్లా పేరు పట్టుకుంటున్నాం.

మొహల్లా పేరు గురించి కొంచెం కడుపులో ఉన్నది చెప్తాను. చీరాల నుంచి బాపట్ల పాసింజర్ ఎక్కినవాళ్ళకి తెలుసు. మధ్యలో స్టూవర్టుపురం స్టేషన్ వస్తుంది. బండి ఆగగానే డబ్బాలో కొందరు సామాను కాళ్ళ దగ్గరికి లాక్కుంటారు. ఎక్కిన మనిషి కూలికి పోయే ముసలమ్మ అయినా సరే, చూపు మారిపోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను ఆ చూపుని.

ఆ బద్నామీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎరుకల వాళ్ళు ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి తిజారత్ చేసుకునేవాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ రోజీ పోయింది. సర్కారు కాగితం మీద వాళ్ళని 'నేరస్థ తెగ' అని రాసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన కానూన్ 1911లో మద్రాసు వైపుకీ వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. లోపల ఉన్నవాళ్ళు హాజరీ వేయించుకోవాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. ఏ జుర్మ్ చేయని పసిపాపకి కూడా పుట్టుకతోనే ఆ ముద్ర. 1952లో కానూన్ రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో ఒక సినిమా, 2023లో ఇంకో సినిమా. మా కాలేజీలో ఆ ఊరి కుర్రాడు ఒకడు ఉండేవాడు, క్లాసులో ఫస్టు. ఏ ఊరంటే "బాపట్ల" అనేవాడు, అంతే. ఊరి పేరు మింగేయడం వాడికి అలవాటైపోయింది.

మరి ఈ చుట్టుపక్కల నుంచే వెళ్ళిన మనం హ్యూస్టన్‌లో దిగిన వారానికే వాట్సాప్ గ్రూపులో ఏం రాస్తున్నాం? "ఆలిఫ్ వైపు వెళ్ళొద్దు." "గల్ఫ్‌టన్ అసలు వద్దు." "షార్ప్స్‌టౌన్ మంచి పేరు లేదు." రాసేవాడు ఆ గల్లీలో ఒక్క పూట కూడా గడిపి ఉండడు. వాడికి ఎవరో చెప్పారు, ఆ ఎవరికో ఇంకెవరో. అమెరికాలో కూడా దీనికి పాత కాగితాలున్నాయి. 1930లలో అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి షహర్ల నక్షాలు గీయించి, నల్లవాళ్ళు ఉండే మొహల్లాలకి ఎర్ర రంగు వేయించింది. ఆ రంగు పడ్డ చోట ఇంటికి కర్జా దొరకడం కష్టం. హ్యూస్టన్‌లో థర్డ్ వార్డ్, ఫిఫ్త్ వార్డ్‌లకి ఆ రంగు పడింది. నక్షా పాతబడింది గానీ నోటిమాట పాతబడలేదు. ఇవాళ దాన్ని మోసేవాళ్ళలో మనమూ చేరాం.

అక్కడ చోరీలు, గొడవలు లేవని నేననడం లేదు. ఉన్నాయి. కానీ హ్యూస్టన్ పోలీసులు ఏ వీధిలో ఏం జరిగిందో లెక్కలు బయట పెడతారు, ఎవరైనా చూడొచ్చు. మీరు తీసుకోబోయే అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు వీధులు చూసుకోండి. పగలోసారి, ఇషా తర్వాత ఓసారి కారులో తిరగండి. తహ్ఖీఖ్ అంటే అది. మొత్తం మొహల్లా మీద ఒకే మాట వేసేయడం బద్‌గుమానీ.

పైగా ఈ బద్నామ్ మొహల్లాల్లో ఒక సౌలత్ ఉంది, మన ఆడపిల్లల అమ్మీలు తెలుసుకోవాల్సింది. గల్ఫ్‌టన్, హిల్‌క్రాఫ్ట్ వైపు సిటీ బస్సు దొరుకుతుంది. మనవాళ్ళ కిరాణా కొట్లు, హలాల్ దుకాణాలు, చీరల షాపులు అన్నీ హిల్‌క్రాఫ్ట్ మీదే. ఆ భాగానికి 2010లో మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అని పేరు కూడా పెట్టారు. అదే మంచి పేరున్న శివారు కాలనీలో ఇల్లు తీసుకుంటే, కారు లేకుండా పాల డబ్బా కూడా రాదు. షౌహర్ పొద్దున్నే కారు తీసుకుని పోతాడు. డ్రైవింగ్ రాని కొత్త కోడలు సాయంత్రం దాకా నాలుగు గోడల మధ్య. షరీఫ్ ఏరియాలోనే డిప్రెషన్‌తో బాధపడ్డ పిల్లల్ని నేను చూశాను. కుదిరితే బయల్దేరే ముందే ఇక్కడ అమ్మాయికి కారు నేర్పించండి. జహేజ్ సామాను లిస్టు రాసేవాళ్ళు దాని బదులు ఇది రాసుకుంటే బాగుంటుంది.

ఇక అసలు ఫికర్, నీళ్ళు.

హ్యూస్టన్ పళ్ళెంలాంటి నేల. డౌన్‌టౌన్ సముద్రమట్టానికి సుమారు 15 మీటర్లే ఎత్తు. బంకమట్టి, నీళ్ళు తొందరగా ఇంకవు. వాన నీళ్ళు పోవడానికి ఊరంతా 'బయూ'లు ఉంటాయి. మన నల్లమడ, రొంపేరు డ్రెయిన్లు గుర్తు తెచ్చుకోండి, చాలావరకు అదే లెక్క. నిండితే వెనక్కి తంతాయి. అమెరికాలో జోనింగ్ కానూన్ లేని అతి పెద్ద షహర్ కూడా ఇదే. ఒకప్పుడు నీళ్ళు ఆగే పొలాల మీద ఇళ్ళు, పార్కింగులు పరుచుకుంటూ పోయారు.

2017 ఆగస్టులో హార్వీ వచ్చింది. నాలుగు రోజుల్లో కొన్ని చోట్ల 1000 మిల్లీమీటర్లకి పైగా కురిసింది. బాపట్లలో ఏడాది పొడుగునా పడేది దాదాపు అంత. హారిస్ కౌంటీ ఒక్కదాంట్లో లక్షన్నర ఇళ్ళకి పైగా మునిగాయి. వాటిలో మూడింట రెండు వంతులు '100 ఏళ్ళ వరద' హద్దుకి బయట ఉన్నవి. అంటే నక్షాలో భయం లేదని చెప్పిన ఇళ్ళు.

ఏ ఇళ్ళు అవి? బ్రేస్ బయూ పక్కన మేయర్‌లాండ్ అని ఖరీదైన మొహల్లా. 2015లో, 2016లో, 2017లో వరసగా మూడేళ్ళు నీళ్ళొచ్చాయి. పడమర వైపు సింకో రాంచ్ దగ్గర కొత్త కాలనీలు, మంచి స్కూళ్ళు, మనవాళ్ళు ఎగబడి కొనే చోటు. దాని పక్కన బార్కర్ జలాశయం ఉంది, ఉత్తరాన అడిక్స్. 1940లలో సైన్యం ఇంజనీర్లు కట్టినవి. మామూలు రోజుల్లో చుక్క నీరుండదు, పార్కులా ఉంటుంది, పిల్లలు సాకర్ ఆడుతుంటారు. కానీ డ్యాం నిండితే నీళ్ళు నిలబడాల్సిన జాగాలోకి కాలనీలు వచ్చేశాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ నక్షాల మీద 'ఇక్కడ నీళ్ళు నిలవవచ్చు' అనే మాట చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కొనేవాళ్ళు సంతకాలు పెట్టే కాగితాల్లో ఆ నక్షా ఎంతమంది చూస్తారు? హార్వీలో డ్యాం వెనక ఇళ్ళలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. డ్యాం కాపాడాలని గేట్లు ఎత్తితే దిగువన బఫలో బయూ పక్కన ఇళ్ళు మునిగాయి. ఎగువ వాళ్ళ కేసులో సర్కారుదే జిమ్మేదారీ అని 2019 డిసెంబర్‌లో కోర్టు చెప్పింది.

గరీబు మొహల్లాలు మునగలేదని కాదు. ఉత్తరాన గ్రీన్స్‌పాయింట్ అపార్ట్‌మెంట్లు 2016 ఏప్రిల్‌లోనూ మునిగాయి, హార్వీలోనూ మునిగాయి. నా మాట ఏమిటంటే, నీళ్ళకి షరీఫ్, బద్నామ్ తేడా తెలీదు. ఒకే కాలనీలో ఈ వీధి మునుగుతుంది, ఆ వీధి మునగదు. కాబట్టి మొహల్లా పేరు కాకుండా ఇంటి నంబరు పెట్టి అడగాలి.

ఎలా అడగాలో చెప్తాను. 2022 జనవరి 1 నుంచి టెక్సస్‌లో కిరాయికిచ్చే మాలిక్, ఈ ఇల్లు 100 ఏళ్ళ వరద హద్దులో ఉందా, గత 5 ఏళ్ళలో మునిగిందా అని తనకి తెలిసిన మేరకు విడిగా కాగితం మీద రాసివ్వాలి. ఇది మీ హక్కు. ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ "ఇక్కడేం ప్రాబ్లం లేదు సర్" అంటే సరిపోదు, కాగితం అడగండి. అమ్మేవాళ్ళు ఇవ్వాల్సిన వరద వివరాలని కూడా 2019 సెప్టెంబర్ నుంచి పెంచారు. ఫెమా వరద నక్షాలో ఇంటి అడ్రసు కొట్టి చూడండి, ముఫ్త్. '100 ఏళ్ళ వరద' అంటే వందేళ్ళకోసారి వస్తుందనుకుంటారు మనవాళ్ళు. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం అని దానర్థం. 30 ఏళ్ళు అదే ఇంట్లో ఉంటే నూటికి 26. అన్నిటికన్నా ముందు పక్కింటి తలుపు కొట్టండి. ఇల్లు చూసే ముందు పడోసీని చూడమని మన పెద్దలు ఎందుకన్నారో అక్కడ బాగా అర్థమవుతుంది. "హార్వీలో ఎంత దాకా వచ్చింది?" అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తు తీసుకోండి. కారు మాత్రం కిందే ఉంటుంది కదా. కానూన్ అడిగే కనీస ఇన్షూరెన్సులో వరదలో పోయిన మీ కారుకి పైసా రాదు, కాంప్రెహెన్సివ్ ఉండాలి. ఇంటి మామూలు ఇన్షూరెన్సులో కూడా వరద ఉండదు. వరద పాలసీ విడిగా తీసుకోవాలి. కిరాయిదారులు కూడా సామాను వరకు తీసుకోవచ్చు, కేంద్ర పథకంలో 1,00,000 డాలర్ల దాకా. ఇన్షూరెన్స్ జాయిజా కాదా అని కొందరు అడుగుతారు. నేను ముఫ్తీని కాను, మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి. కానీ బయల్దేరక ముందే అడగండి, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాక కాదు. సూద్ లేకుండా ఇల్లు కొనే విషయమూ అంతే. దానికి సంస్థలున్నాయి, షరతులు చదవాలి. మొదటి ఏడాది కిరాయే మేలు. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కం టాక్స్ లేదని సంబరపడి కొనేసినవాళ్ళు, ఇంటి పన్ను బిల్లు చూశాక సంబరం ఆపుతారు.

కరెంటు సంగతి కూడా ఒక మాట. 2021 ఫిబ్రవరిలో అక్కడ చలి మైనస్ 10 డిగ్రీలకి పడిపోయి రోజుల తరబడి కరెంటు పోయింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది పోయారు. కొందరు చలికి కాదు, పొగకి పోయారు. మూసిన గ్యారేజిలో కారు ఆన్ చేయడం, ఇంట్లో జనరేటర్ పెట్టడం, బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మౌత్‌ని పిలవడమే. మన ఇళ్ళలా గాలి ఆడే ఇళ్ళు కావవి. 2024 జులైలో బెరిల్ తుఫానుకి మళ్ళీ 20 లక్షల కనెక్షన్లకి పైగా కరెంటు పోయింది, అది మండుటెండల్లో. ఇంట్లో ముసలివాళ్ళో, ఇన్సులిన్ వాడేవాళ్ళో ఉంటే కరెంటు పోయిన రోజు ఎక్కడికి పోవాలో ముందే అనుకోండి.

మస్జిద్ గురించి ఫికర్ వద్దు. హ్యూస్టన్ ఇస్లామిక్ సొసైటీ మస్జిద్‌లు ఊరంతా ఉన్నాయి. డౌన్‌టౌన్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు హకీం ఒలాజువాన్ పాత బ్యాంకు భవనం కొని ఇచ్చిన ఇస్లామిక్ దావా సెంటర్ ఉంది. రోమన్ స్తంభాలు, పైన గుమ్మటం, చూసి తీరాలి. హార్వీలో మస్జిద్‌లు తలుపులు తెరిచి మజహబ్ అడగకుండా జనాన్ని పడుకోబెట్టాయి. చేరిన మొదటి జుమాకే వెళ్ళి మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి.

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. వరద పాలసీ కొన్న రోజు నుంచి మామూలుగా 30 రోజులు గడిస్తే గానీ అమల్లోకి రాదు. టీవీలో తుఫాను కనపడ్డాక కొంటే బేకార్. ఈ మే నెలలో దిగబోయే మన పిల్లలు కిరాయి కాగితం మీద సంతకం పెట్టిన రోజే పాలసీ తీసుకుంటే, జూన్ నెలాఖరుకల్లా అమల్లోకి వస్తుంది.