పలక పట్టకముందే కంటి పరీక్ష



మన పిల్లలకు టీకా కార్డు ఉంది. బరువు తూచడానికి అంగన్‌వాడీలో యంత్రం ఉంది. సూది తేదీ దాటితే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ అడుగుతుంది. కానీ బిడ్డ రెండు కళ్లతోనూ చూస్తోందా, ఒంటి కంటితోనే నెట్టుకొస్తోందా అన్నది మాత్రం బడిలో బోర్డు కనపడక తడబడేదాకా ఎవరికీ పట్టదు. అందుకే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలందరికీ ఏటా ఒకసారి, అంగన్‌వాడీలోనే, ఊరివాళ్లమే పూనుకుని చూపు పరీక్ష జరపాలని కోరుతున్నాం.

ఎందుకింత తొందర?

చూపు పుట్టుకతోనే పూర్తిగా రాదు. మొదటి ఏడెనిమిదేళ్లలోనే మెదడు రెండు కళ్లనూ కలిపి వాడుకోవడం నేర్చుకుంటుంది. ఒక కంటి పవరుకూ రెండో కంటి పవరుకూ బాగా తేడా ఉన్నా, మెల్ల ఉన్నా, శుక్లమో వాలిన రెప్పో అడ్డుపడినా, ఆ కంటి నుంచి సరైన బొమ్మ అందదు. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసి మంచి కంటినే నమ్ముకుంటుంది. డాక్టర్లు దీన్ని ఆంబ్లియోపియా అంటారు, లేజీ ఐ అనీ అంటారు. ఆ పిల్లవాడు పరుగెడతాడు, టీవీ చూస్తాడు, బొమ్మలు గీస్తాడు. ఒక కన్ను మసక అని అతనికే తెలియదు, ఎందుకంటే అతనికి లోకం మొదటినుంచీ అంతే. ఒక కన్ను మూసి అడిగితే తప్ప గుట్టు బయటపడదు.

చిన్నప్పుడే దొరికితే వైద్యం సులువు. సరైన కళ్లజోడు, అవసరమైతే మంచి కన్ను మీద రోజూ కాసేపు ప్యాచ్. ఓ మోస్తరు సమస్య ఉన్న ఏడేళ్ల లోపు పిల్లల్లో రోజుకు 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్‌కు దీటుగా పనిచేస్తుందని 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధన తేల్చింది. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది. పెద్దయ్యాక ఎంత ఖరీదైన కళ్లజోడు కొన్నా ఆ కన్ను పూర్తిగా కోలుకోకపోవచ్చు.

సర్కారు చూసుకోదా?

చూసుకోవాలి, కొంత చూసుకుంటోంది కూడా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) ప్రకారం వైద్య బృందం ఏటా రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. కానీ ఆ బృందం గుండె, చెవి, పళ్లు, ఎదుగుదల అంటూ 30 దాకా సమస్యలను వెతకాలి. నాలుగేళ్ల పిల్లను బుజ్జగించి ఒక్కో కన్నూ విడిగా చూసే తీరిక వాళ్లకెక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి పరీక్షల పథకం కంటి వెలుగు ముందుగా బడిపిల్లలకు అందింది. తెలంగాణలో 2023 నాటి కంటి వెలుగు 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం. బడికి ఇంకా చేరని పసివాళ్లే మధ్యలో మిగిలిపోతున్నారు. ఆ ఖాళీని మనం పూరించగలం.

సామాన్యులే చూపు పరీక్షకు పూనుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1925లో అంధ రచయిత్రి హెలెన్ కెల్లర్ ఇచ్చిన పిలుపుతో లయన్స్ క్లబ్బులు కంటిచూపు సేవను భుజానికెత్తుకున్నాయి. ఇవాళ అమెరికాలో ఆ క్లబ్బుల వాలంటీర్లు చేతిలో ఇమిడే కెమెరాలతో పసిపిల్లల కళ్లు పరీక్షిస్తున్నారు. అంత ఖరీదైన కెమెరా మనకు లేకపోయినా నాలుగేళ్ల పిల్లలకు బొమ్మల చార్టు చాలు.

ఎలా చేయాలి?

వెలుతురున్న గదిలో గోడకు చార్టు తగిలించి, మూడు మీటర్ల దూరంలో గీత గీయాలి. చార్టులో ఆపిల్, ఇల్లు, గుండ్రం, చతురస్రం ఉంటాయి. అక్షరాలు రాకపోయినా పిల్లలు చేతిలోని కార్డు మీద అదే బొమ్మను వేలితో చూపిస్తారు. ముందు దగ్గర కూర్చోబెట్టి ఆటలా నేర్పాలి. తర్వాత ఒక కన్ను పూర్తిగా కప్పి రెండోది చూడాలి. చేత్తో మూస్తే పిల్లలు వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు. వయసుకు తగిన వరుస దాకా చెప్పలేకపోయినా, రెండు కళ్లకూ మధ్య రెండు వరుసల తేడా వచ్చినా కంటి డాక్టరుకు చూపించాలి. మూడేళ్ల పిల్లలు మొరాయిస్తే మరో రోజు ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే వాళ్లనూ డాక్టరు దగ్గరికే పంపాలి.

మెల్ల ఉన్నా, కంటిపాప తెల్లగా మెరిసినా చార్టుతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ తెల్లని మెరుపు ప్రాణం తీసే కంటి క్యాన్సరు కూడా కావచ్చు. మెల్లకన్ను అదృష్టమనే మాట నమ్మి బిడ్డ చూపు పోగొట్టకండి. ఆడపిల్లకు కళ్లజోడు పెడితే పెళ్లికి అడ్డమని వెనకాడకండి. చూపు తగ్గాక పడే కష్టం ఆ పిల్లదే.

వాలంటీరు హద్దులు

ఈ పరీక్ష జరిపే ఊరి వాలంటీరు డాక్టరు కాదు. జబ్బు పేరు చెప్పకూడదు, చుక్కలు వేయకూడదు, ఏ కళ్లజోళ్ల దుకాణానికీ దారి చూపకూడదు. టీచరమ్మో తల్లో పక్కనుండగానే పరీక్షించాలి. పిల్లల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. పరీక్షలో నెగ్గినా తల్లికి అనుమానముంటే డాక్టరుకు చూపించమనే చెప్పాలి.

అసలు పని చార్టు మడిచాక మొదలవుతుంది. చీటీ చేతిలో పెట్టి ఇంటికి పంపితే కూలి పోతుందనో, బస్సు ఖర్చనో ఆ చీటీ చూరులోనే ఉండిపోతుంది. ఒక్కో బిడ్డకు ఒక్కో వాలంటీరు బాధ్యుడిగా ఉండాలి. ఆసుపత్రికి వెంట వెళ్లాలి. అద్దాలు వచ్చాయా, పెట్టుకుంటున్నారా, ప్యాచ్ వేస్తున్నారా అని నెలనెలా అడగాలి. ఈ పట్టుదల లేకపోతే పరీక్ష ఫొటోలకే పనికొస్తుంది.

మా డిమాండ్లు

1. ప్రతి పంచాయతీ ఏటా ఒక రోజును పసిపిల్లల చూపు పరీక్షకు కేటాయించాలి.
2. దగ్గరలోని విజన్ సెంటరు లేదా ప్రభుత్వాసుపత్రి కంటి విభాగం వాలంటీర్లకు శిక్షణ ఇవ్వాలి.
3. తేడా కనిపించిన పిల్లల జాబితాను ఆర్‌బీఎస్‌కే బృందం తీసుకుని, జిల్లా కేంద్రంలో ఉచిత పరీక్ష, కళ్లజోడు, అవసరమైతే ఆపరేషను అందేలా చూడాలి.
4. ఆసుపత్రికి వెళ్లే తల్లికి రవాణా ఖర్చు ఇవ్వాలి.

డిగ్రీ విద్యార్థులు, డ్వాక్రా అక్కచెల్లెళ్లు, రిటైరైన మాస్టార్లు, ఊరికి నలుగురు ముందుకొస్తే చాలు. మీ పేరు అంగన్‌వాడీలో రాయించండి. వచ్చే గ్రామసభలో లేచి నిలబడి ఈ నాలుగు డిమాండ్ల మీద తీర్మానం చేయమని అడగండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా కూర్చోకండి.