ఈ ఒక్కరోజు తాగను!

'రేపట్నుంచి మానేస్తానే, నీ మీదొట్టు!'... తాగుడున్న ఇంట్లో ఈ మాట వినని ఇల్లాలు ఉండదు. మాల వేసుకున్నన్నాళ్లూ చుక్క ముట్టనివాళ్లే, అది తీసిన మర్నాడు మళ్లీ సీసా ఎత్తుతారు. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో ఎత్తేశారు. మరి మానాలనుకునేవాళ్లకి దారేది?

ఒక దారి 1935లో అమెరికాలోని ఆక్రాన్‌లో మొదలైంది. తాగుడు మానిన కొద్ది నెలలకే మళ్లీ మనసు లాగుతుంటే, బిల్ విల్సన్ అనే వ్యాపారి తనలాంటి మరో వ్యసనపరుణ్ని వెతుక్కుంటూ వెళ్లాడు. డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకున్నారు. అలా పుట్టిందే 'ఆల్కహాలిక్స్ అనానిమస్'. మనదేశానికి 1957లో వచ్చింది. హైదరాబాద్‌లోనూ సమావేశాలు జరుగుతుంటాయి.

అక్కడ ఫీజు ఉండదు. ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరికే అర్హత. బోరబండ నుంచి వెళ్లిన తాపీమేస్త్రీ అయినా, హైటెక్‌సిటీ ఇంజినీరయినా పక్కపక్క కుర్చీల్లో కూర్చోవాల్సిందే! ఒకరు తన కథ చెబుతుంటే మిగిలినవాళ్లు వింటారు. నీతులు చెప్పరు. విన్నది బయటికి పోదు. జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయించరు. 'ఈ ఒక్కరోజు తాగను' అనుకోమంటారు. రేపటి సంగతి రేపు!

ఇంట్లోవాళ్లకీ ఇలాంటి బృందాలున్నాయి. బిల్ భార్య లోయిస్ మరొకరితో కలిసి 1951లో ప్రారంభించిన 'అల్-అనాన్' అదే. ఆయన తాగి పడుకుంటే 'జ్వరమండీ' అని మేనేజరుకి ఫోన్ చేయడం, చేసిన అప్పులు తీర్చడం... ఇవన్నీ ప్రేమతో చేసేవే అయినా తాగుడుకి అండగా మారతాయని అక్కడ తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం లాంటివి రావచ్చు. ప్రాణానికే ప్రమాదం. అందుకే ముందు డాక్టరు సలహా తీసుకోవాలి. బోరబండ వాళ్లకి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దగ్గరే. 'పిచ్చాసుపత్రికా? నలుగురూ ఏమనుకుంటారు?' అని ఆగిపోవద్దు. తూలుతూ ఇంటికొచ్చేటప్పుడు ఆ నలుగురూ చూస్తూనే ఉన్నారుగా! గడప దాటలేకపోతే, 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

నెల్లాళ్లు మాని మళ్లీ తాగితే? సమావేశానికి మళ్లీ వెళ్లడమే. అక్కడ కుర్చీ వేసే ఉంటుంది. లెక్క మళ్లీ మొదటిరోజు నుంచి మొదలవుతుంది.