చెప్పుకున్న బిడ్డ చదువు ఆగకూడదు!

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంత విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, పోలీసు అధికారులకు విజ్ఞప్తి

 

పొద్దున ఎనిమిదింటికి ఆత్మకూరు బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. అనంతసాగరం, మర్రిపాడు, ఏఎస్ పేట, చేజర్ల నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సుల్లోంచి పుస్తకాల సంచులు తగిలించుకొని పిల్లలు బిలబిలమని దిగుతుంటారు. ఉదయగిరిలో సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు పిల్లలు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీలకు డబ్బుల్లేక ఇంట్లో ఉండిపోయే ఆడపిల్లకు కూడా కాలేజీకి దారి తెరుచుకుంది. మనందరం సంతోషించాల్సిన మాట ఇది.

మరి ఆ బిడ్డ బస్సు దిగిన దగ్గర్నుంచి సాయంత్రం మళ్లీ బస్సెక్కేదాకా ఎవరి బాధ్యత? హాస్టల్లో ఉండే బిడ్డ రాత్రిపూట ఎవరి బాధ్యత? ఎవడైనా వెంటబడితే, సీనియర్లు ఏడిపిస్తే, ఫోనులో ఫొటో పెట్టి బెదిరిస్తే ఎవరి దగ్గరికి పోవాలి? ఈ మాట అడగడానికే ఈ కరపత్రం వేశాం.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ పిల్లలకు క్యాంపస్ పోలీస్ స్టేషన్ ఉంది. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ పేరుతోనే స్టేషన్ ఉంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలకు సొంత పోలీసులే ఉంటారు. అక్కడ 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రం లీహై యూనివర్సిటీలో ఒక విద్యార్థినిని హాస్టల్ గదిలోనే చంపేశారు. ఆ తల్లిదండ్రులు ఏడ్చి ఊరుకోలేదు. నాలుగేళ్లు పోరాడి, ప్రతి కాలేజీ తన ఆవరణలో జరిగిన నేరాల లెక్క ఏటా బయటపెట్టి తీరాలని 1990లో చట్టం తెప్పించారు. ఇప్పుడు మన జిల్లా నుంచి అక్కడికి చదువుకోను పోయే పిల్లలు కూడా ఆ లెక్క చూసుకొని కాలేజీ ఎంచుకోవచ్చు. ఇక్కడ మనకు అలాంటి లెక్క లేదు, క్యాంపస్ స్టేషనూ లేదు. మన విక్రమ సింహపురి యూనివర్సిటీ నెల్లూరు దాటి కాకుటూరులో ఉంది. మన కాలేజీల పిల్లలకు దిక్కు ఊళ్లో ఉన్న పోలీస్ స్టేషనూ, కాలేజీలో ఉండాల్సిన కమిటీలూ. అవి పనిచేస్తే చాలు. పనిచేయించుకోవడం మన చేతిలో ఉంది.

పిల్లలు ఎందుకు చెప్పడం లేదు?

కష్టం వచ్చిన పిల్లను ఎప్పుడైనా అడిగి చూడండి. పోలీసులంటే భయమని చెప్పదు. నంబరు తెలియదని కూడా చెప్పదు. "ఇంట్లో తెలిస్తే కాలేజీ మాన్పిస్తారు" అంటుంది. ఫోను లాక్కుంటారు, నెల తిరక్కుండా సంబంధం చూసేస్తారు అంటుంది. నాయన కువైట్‌లో ఉన్నాడు, అమ్మ ఒక్కతే, చెప్తే తట్టుకోలేదు అని నోరు కట్టుకునే బిడ్డలు మన పల్లెల్లో ఎందరో. తప్పు చేసినవాడు మర్నాడు అదే బస్సెక్కి కాలేజీకి వస్తాడు. చెప్పుకున్న బిడ్డ ఇంట్లో కూర్చుంటుంది. వాడికి ఈ సంగతి బాగా తెలుసు. "మీ ఇంట్లో చెప్తా" అని వాడే బెదిరిస్తాడు. వాడికి ఆ ధైర్యం ఇస్తున్నది మనమే.

తల్లిదండ్రులకు చేతులెత్తి చెప్తున్నాం. మీ బిడ్డ నోరు విప్పిన రోజున మొదట మీరనాల్సిన మాట ఒకటుంది: "నీ చదువు ఆగదు, నేనున్నాను." ఆ భరోసా ఇచ్చాకే మిగతా సంగతులు. ఎందుకు వాడితో మాట్లాడావని ఆ పూట అడగొద్దు. మీరు ఈ ఒక్క మాట ఇవ్వగలిగితే కింద రాసిన నంబర్లన్నిటికీ విలువ వస్తుంది. లేకపోతే ఎన్ని నంబర్లు అచ్చేసినా ఉపయోగం లేదు.

ఆలస్యం ఎవరికి మేలు చేస్తుంది?

2015 జూలైలో నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. ర్యాగింగ్ వల్లేనని రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం విచారణకు బాలసుబ్రహ్మణ్యం కమిటీ వేసింది. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో వచ్చింది 1997లో. అంటే ఆ బిడ్డ పోయేనాటికే చట్టానికి 18 ఏళ్లు. కేసు తొమ్మిదేళ్లు నడిచి, 2024లో గుంటూరు కోర్టు సాక్ష్యాలు చాలవని కొట్టేసింది.

2021 ఆగస్టు 15న, జెండా పండగ రోజున, గుంటూరు నడిరోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థినిని పొడిచి చంపారు. సోషల్ మీడియాలో పరిచయమైనవాడే వెంటబడి చేసిన హత్య అది. సీసీ కెమెరాలో రికార్డయింది. చూసినవాళ్లు కోర్టుకు వచ్చి చెప్పారు. తొమ్మిది నెలలు నిండకముందే, 2022 ఏప్రిల్ 29న, కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది.

రెండు కేసుల్లోనూ బిడ్డ తిరిగి రాలేదు. కానీ కోర్టుకు కావాల్సింది ఏమిటో ఈ రెండూ చెప్తున్నాయి: కాగితం, సాక్షి, తేదీ. వెంటబడిన మొదటి రోజునే, ఏడిపించిన మొదటి రాత్రే అది రాతలో ఉండాలి.

2024 ఆగస్టు చివర గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో విద్యార్థినులు అర్ధరాత్రి బయటికొచ్చి ఆందోళన చేశారు. పోలీసులు వెతికి, కెమెరాలు దొరకలేదన్నారు. కెమెరాల సంగతి అలా ఉంచుదాం. అనుమానం వచ్చిన రోజునే నమ్మి చెప్పుకునే మనిషి కాలేజీలో ఉంటే పిల్లలు అర్ధరాత్రి రోడ్డెక్కరని మేం గట్టిగా నమ్ముతున్నాం.

చట్టం మీకిచ్చింది తెలుసుకోండి

ఆపదలో ఉంటే 112. మరేమీ ఆలోచించొద్దు. రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చి 8న తెచ్చిన శక్తి యాప్ కూడా ఫోనులో వేసుకోండి. కానీ ఉదయగిరి కొండల దాపున ఇంటర్నెట్ అందని ఊళ్లు ఉన్నాయి, అక్కడ 112కు మామూలు కాల్ చేయడమే మేలు. ఆడవాళ్ల సహాయానికి 181, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 1098.

"ఇది మా లిమిట్స్ కాదు" అని ఏ స్టేషన్లోనూ అనడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. సంగం దాటాక బస్సులో ఎవడైనా చెయ్యి వేస్తే, ఇంటికొచ్చి ఆత్మకూరు స్టేషన్లోనే ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. లైంగిక నేరాల్లో ఆడపిల్ల చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి తీవ్ర నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. అది భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్. అలాంటి నేరాల బాధితులకు ఏ ఆస్పత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ, సమయం, చోటు, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు, ఇంతే రాయండి. భాష గురించి బెంగ వద్దు. రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. స్టేషన్‌కైనా ప్రిన్సిపాల్‌కైనా ఇదే పద్ధతి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ర్యాగింగ్ సంగతి. మన 1997 చట్టం కింద తోటి విద్యార్థిని ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. దానివల్ల ఎవరైనా చనిపోతే యావజ్జీవం దాకా పోవచ్చు. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కాలేజీ పెద్ద కూడా ఆ నేరానికి తోడ్పడినవాడి కిందే లెక్క. చట్టంలో రాసి ఉన్న మాటే ఇది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం నేరమని తేలితే 24 గంటల్లో కాలేజీయే ఎఫ్ఐఆర్ వేయించాలి. కాలేజీలో చెప్పుకోలేకపోతే 1800-180-5522కు ఫోన్ చేయండి. కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. సంక్షేమ హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

లైంగిక వేధింపుల మీద ప్రతి కాలేజీలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు విద్యార్థి సభ్యులు కూడా కూర్చోవాలని యూజీసీ 2015లో నిబంధన పెట్టింది. మీ కాలేజీలో అలాంటి ఎన్నిక జరిగిందా? మీరు ఓటు వేశారా? ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేస్తే 90 రోజుల్లో విచారణ ముగించాలి. తప్పు చేసింది లెక్చరర్ అయినా సరే.

ఇంటర్ పిల్లలు చాలామంది పద్దెనిమిది లోపువాళ్లే. వాళ్ల మీద లైంగిక నేరం జరిగితే అది పోక్సో కేసు. తన కింద పనిచేసేవాళ్లు అలాంటి నేరం చేశారని తెలిసీ పోలీసులకు చెప్పని సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. కాలేజీ పరువు పోతుందని దాచిపెట్టేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్లకు, లోన్ యాప్‌లవాళ్లకు రూపాయి కూడా పంపొద్దు. పంపితే ఇంకా అడుగుతారు. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930. మీ నగ్న చిత్రం ఎవరైనా పెడితే, మీరు ఫిర్యాదు చేసిన గంటల్లోనే ఆ సామాజిక మాధ్యమ సంస్థ దాన్ని తీసేయాలని ఐటీ నిబంధనలు చెప్తున్నాయి. గంజాయి అమ్మేవాళ్ల సమాచారం 1972కు చెప్పండి.

మనసు చితికిపోయి, బతకాలనిపించడం లేదా? 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. విశాఖపట్నం హాస్టల్లో ఒక 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిస్తూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, ఇలాంటి నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా రాయాలని చెప్పింది. మీ హాస్టల్ గోడ చూడండి.

వకీలుకు డబ్బుల్లేవన్న దిగులు వద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. నంబరు 15100. మీ ఊరి సచివాలయంలో మహిళా పోలీసు ఎవరో కూడా కనుక్కోండి.

మేం అడుగుతున్నది

పోలీసు అధికారులారా! నెలలో ఒక రోజు ఖాయం చేసి, ఎస్సై గారో మహిళా కానిస్టేబులో కాలేజీకి వచ్చి పిల్లలతో కూర్చోండి. ఉపన్యాసం వద్దు, వినడానికి రండి. కాలేజీ విడిచే వేళ బస్టాండులో, హాస్టళ్ల వీధుల్లో మఫ్టీలో తిరగండి. హైదరాబాదులో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ చేసింది ఈ పనే. రాత పని, కోర్టు డ్యూటీ, బందోబస్తు మధ్య మీకున్న సిబ్బంది తక్కువని మాకు తెలుసు. అయినా ఈ ఒక్క రోజు అడుగుతున్నాం.

ఆర్టీసీ డిపో అధికారులారా! స్పెషల్ క్లాసులు, ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో సాయంత్రం బస్సు పిల్లలను వదిలి వెళ్లిపోతే వాళ్లు ఆటోల కోసం చీకట్లో నిలబడాలి. కాలేజీలతో మాట్లాడి వేళలు మార్చండి.

మగపిల్లలారా! మీ స్నేహితుడు ఒక అమ్మాయి వెంటబడుతుంటే నవ్వి ఊరుకోవద్దు. ఆపండి. ఆగకపోతే ఆ అమ్మాయి తరఫున సాక్షిగా నిలబడండి.

విద్యార్థులారా! ఈ కాగితం వెనక వైపు తెల్లగా వదిలాం. మీ కాలేజీ పేరు రాయండి. అంతర్గత కమిటీలో ఎవరున్నారు, ర్యాగింగ్ నిరోధక కమిటీలో ఎవరున్నారు, కౌన్సెలర్ ఎవరు, మీ స్టేషన్ ఫోన్ నంబరు ఎంత, ఇవన్నీ మీ ప్రిన్సిపాల్‌ను అడిగి రాసుకోండి. కింద ఆయన సంతకం, తేదీ తీసుకోండి. ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి మర్యాదగా పోండి. పేర్లు లేవంటే "లేవు" అనే రాసి సంతకం పెట్టమనండి, ఆ కాపీ యూనివర్సిటీకీ, ఆత్మకూరు ఆర్డీవో గారికీ పంపండి. పేర్లు ఉంటే నోటీసు బోర్డు మీద అంటించమనండి. అది బోర్డుకెక్కేదాకా అడుగుతూనే ఉండండి.

ఇట్లు,
ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంత విద్యార్థులు, తల్లిదండ్రులు