బొగ్గును మాంగనీసును

పరీక్షకు రాని విషయములు పిల్లల కేల యని కొందఱు తలిదండ్రు లడుగుదురు. మేము వారితో నేకీభవింపజాలము. విద్యుత్తును క్షణములో గ్రహించి క్షణములో నిచ్చు సూపర్‌కెపాసిటరునే చూడుడు. 1957లో బెకరు పేటెంటు పొందిన దానిలోని పలకలు బొగ్గువి. బొగ్గు తన సూక్ష్మరంధ్రములలో అయానులను త్వరితముగా నిలుపుకొనును. కాని నిలువ స్వల్పము. లోహపు ఆక్సైడు రసాయనచర్యచే నెక్కువ నిలుపును. కాని మాంగనీసు ఆక్సైడువంటివి విద్యుత్తును చక్కగా పాఱనీయవు. రెండును గూడినచో నొకదాని కొఱతను వేఱొకటి తీర్చును.

రుథేనియము ఆక్సైడు శ్రేష్ఠమే గాని మిక్కిలి ప్రియము. మాంగనీసు చౌక, విజయనగరము జిల్లాలో దాని ఖనిజము గలదు. మేలైన బొగ్గు కొబ్బరిచిప్పలనుండియు వచ్చును. ఈ సంగతి నెఱిగిన విద్యార్థి తన పెరటిలోని వస్తువును తృణీకరింపడు. కావున వారమున కొక్క గంటయైనను పరీక్షతో నిమిత్తములేని ప్రయోగములకు విడువవలెనని మా మనవి.