ఆగడం వేరు, తెగడం వేరు

మారతహళ్ళిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు అనేకం. ఆ ఇళ్ళ పిల్లలు బడిలో విజ్ఞానశాస్త్రాన్ని ఆంగ్లంలో చదువుతారు. 2015 నాటి చట్టాన్ని అనుసరించి కన్నడం నేర్చుకుంటారు. ఈ నేల మీద అది న్యాయమే. తెలుగు మాత్రం వారాంతపు తరగతికి మిగిలింది. అక్కడ పద్యాలూ కథలూ చెప్పి మనం తృప్తి పడుతున్నాం. అది చాలదని నా అభిప్రాయం. ఒక్క ఉదాహరణ చూడండి.

నేడు ఉన్నత పాఠశాల పిల్లలు ఎస్పీ రోడ్డులో మైక్రోకంట్రోలర్ బోర్డు కొని, దానితో ఇంటి దీపం వెలిగించాలని ముచ్చటపడుతున్నారు. బోర్డు ఇచ్చేది 5 లేదా 3.3 వోల్టులు, గోడలో ఉన్నది 230 వోల్టులు. ఈ రెంటి నడుమ నిలిచేది సాలిడ్ స్టేట్ రిలే. అందులో కదిలే భాగాలు లేవు. లోపల చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది. ఆ వెలుగును గ్రహించిన అర్ధవాహకం అవతలి వైపు ప్రవాహానికి దారి ఇస్తుంది.

ఈ రిలేలలో చాలావాటి మీద 3 నుండి 32 వోల్టులని ముద్రించి ఉంటుంది. 3.3 వోల్టుల పిన్నుకు అది మరీ అంచు. కనుక రిలే ధన కొసను 5 వోల్టులకు, ఋణ కొసను బీసీ547 ట్రాన్సిస్టర్ కలెక్టరుకు, ఎమిటరును గ్రౌండుకు కలిపి, పిన్ను నుండి 1 కిలో ఓమ్ నిరోధకం ద్వారా బేసును నడపడం మేలు. బేసుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలో ఓమ్‌ల నిరోధకం పెడితే, బోర్డు ఆరంభమయ్యే క్షణంలో రిలే తనంతట తాను పనిచేయదు.

ఇక అసలు విషయం. ప్రోగ్రాములో 'ఆఫ్' అని రాయగానే దీపం ఆరుతుంది. ఆ మాటను నమ్మి తీగను ముట్టుకుంటే ప్రాణాపాయం. గోడ స్విచ్చిలో లోహపు ముక్కలు విడిపోయి ప్రవాహం తెగుతుంది. ఈ రిలేలో అటువంటి ఎడం లేదు. ఆపిన తరువాత కూడా కొద్దిపాటి ప్రవాహం, ఒక్కొక్కప్పుడు కొన్ని మిల్లీఆంపియర్లు, జారుతూనే ఉంటుంది. చిన్న ఎల్ఈడీ బల్బు మసకగా వెలుగుతూ ఉండిపోవడానికి అదే కారణం. చెడిపోయిన రిలే తరచుగా ప్రవాహాన్ని వదిలే స్థితిలోనే ఉండిపోతుంది. ట్రయాక్ గల రిలే ఏకాంతర ప్రవాహం శూన్యానికి వచ్చినప్పుడే ఆగుతుంది. ఏకముఖ ప్రవాహానికి వాడితే ఆగనే ఆగదు.

ఆంగ్లపు 'ఆఫ్' వీటన్నిటినీ ఒకే మాటలో కలిపివేస్తుంది. మనకు రెండు మాటలున్నాయి: ఆగడం, తెగడం. తూము తలుపు దించితే కాలువ ఆగుతుంది, కానీ సందుల్లోంచి నీరు కారుతూనే ఉంటుంది. ఈ పోలిక విన్న పిల్లలు పాఠాన్ని మరువరు.

కనుక తోటి ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, నెలకు ఒక తరగతినైనా ఇటువంటి పాఠానికి కేటాయించండి. సూచిక దీపం గల రిలేను తెచ్చి, ఇన్‌పుట్ వైపు మాత్రమే కలిపి చూపండి. 230 వోల్టుల పని ఎలక్ట్రీషియన్‌కు వదలండి. ఆయనైనా మెయిన్ స్విచ్చి తీసిన తరువాతే తీగను ముట్టుకుంటాడని పిల్లలకు చెప్పండి. ప్రాణం కాపాడే మాట ఇంటి భాషలో తెలియాలి.