మొటిమలు కాని మొటిమలు

మండవల్లి నుండి ఒక తల్లి మాకు లేఖ రాశారు. ఇరవై నాలుగేళ్ల కుమార్తెకు కింది కనురెప్పల మీద, ముక్కు పక్కన, గడ్డం మీద గోధుమ ఛాయ గల ఎర్రని పొక్కులు లేచి ఏడాది కావస్తోందట. దురద లేదు, నొప్పి లేదు. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము పూస్తే తగ్గినట్టే తగ్గి రెట్టింపయ్యాయట. బంధువులు కొందరు కుష్ఠు అని, కొందరు క్షయ అని అనుమానించడంతో నికాహ్ మాటలు ఆగిపోయాయి.

లేఖ చూసి వ్యాధిని నిర్ణయించడం తగదు. అయితే ఈ లక్షణాలకు సరిపోలే అరుదైన వ్యాధి ఒకటుంది: లూపస్ మిలియారిస్ డిస్సెమినేటస్ ఫేసియీ. శరీరమంతటినీ పీడించే లూపస్‌తో దీనికి సంబంధం లేదు. పూర్వం దీనిని చర్మక్షయగా భావించి ఆ పేరు పెట్టారు. పొక్కు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే క్షయలో వలెనే కణాల ముద్దలు, వాటి నడుమ మృత కణజాలం కనిపిస్తాయి. క్షయ క్రిములు మాత్రం ఉండవు. ఇది ఒకరి నుండి మరొకరికి అంటదు.

ముఖం మీద ముక్క తీస్తామనగానే ఆడపిల్లల తల్లిదండ్రులు వెనుకాడతారు. మత్తు సూది ఇచ్చి తీసేది కొన్ని మిల్లీమీటర్ల ముక్క మాత్రమే. కుష్ఠు, క్షయ కాదని తేల్చేదీ అదే. ఈ వ్యాధి ఒకటి రెండేళ్లలో తనంతట తాను తగ్గవచ్చు గాని, తరచూ గుంటల మచ్చలు మిగిల్చి పోతుంది. అందుకే ఎదురుచూడడం మంచిది కాదు. గాయానికి తడి తగలరాదని వైద్యుడు చెబితే వుజూ విషయమై ఆలిమ్‌ను అడగండి. ధర్మంలో వెసులుబాటు ఉంది.

సాధారణంగా డాక్సీసైక్లిన్‌ను నెలల తరబడి ఇస్తారు. అది వాపును చల్లార్చడానికి. నిండు గ్లాసు నీటితో మింగాలి, వెంటనే పడుకోరాదు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది గనుక కొల్లేటి చేపల చెరువుల మీద పనిచేసేవారు మరీ జాగ్రత్తపడాలి. డాప్సోన్ రాస్తే కుష్ఠేనని భ్రమపడవద్దు. ఆ మందుకు ఇతర ఉపయోగాలున్నాయి, రక్తపరీక్ష చేశాకే మొదలుపెడతారు. ఐసోట్రెటినాయిన్ విషయం వేరు. అది వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం ఒక నెల గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్ర వైకల్యాలు కలుగుతాయి. నికాహ్ దగ్గరపడిన యువతి ఆ సంగతి సిగ్గుపడక వైద్యునికి ముందే చెప్పాలి.

ఇక దుకాణపు క్రీము. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు కొన్నాళ్లు అణగి, చర్మం పలచబడి, అసలు వ్యాధి ఆనవాళ్లు చెదిరిపోతాయి. వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మరాదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చినా అమ్మకం సాగుతూనే ఉంది. ఏలూరు లేదా విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, పాత చీటీలను వెంట తీసుకెళ్లండి. ఆ రోజు ముఖానికి పౌడరు పూయకండి.