సాక్షి బోనులో ఎందరు?

కృష్ణా డెల్టాలో ఏదో ఒక ఊరు. పెళ్లయి ఏడాది తిరగని అమ్మాయి ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడుతుంది. చూడటానికొచ్చిన కన్నతల్లిని ‘ఎవరు నువ్వు?’ అని అడుగుతుంది. గంట గడిచాక మామూలు మనిషై, ఏమీ గుర్తులేదంటుంది. ఇంట్లోవాళ్లు ముందు దిష్టి తీస్తారు. ఫిట్సేమోనని చేతిలో తాళాలగుత్తి పెడతారు. తగ్గకపోతే తాయెత్తు కడతారు. ఆ తర్వాత వాళ్ల వాళ్ల నమ్మకాన్ని బట్టి నరసింహస్వామి గుడిలో మూడు నిద్రలో, దర్గాలో శుక్రవారమో, ప్రార్థన కూటమో. అవన్నీ అయ్యాక విజయవాడ బస్సెక్కి సూర్యారావుపేటలో ఏదో ఒక ఆస్పత్రి మెట్లెక్కుతారు. ఈఈజీ తీస్తారు, బాగానే ఉందంటారు. కేసు షీటు మీద ‘హిస్టీరియా’ అనే పాత మాట ఒకటి పడుతుంది. ఆ మాట ఇంటికి చేరేసరికి అర్థం మారిపోతుంది: ‘జబ్బేమీ లేదట, నటిస్తోందట.’

దయ్యం పట్టిందన్నవాళ్లే నాటకమాడుతోందనడానికి ఒక్క రిపోర్టు చాలు. ఆ అమ్మాయి చిన్నప్పుడు ఏం జరిగింది, ఇప్పుడు అత్తింట్లో ఏం జరుగుతోంది అన్న ప్రశ్న ఈ దారి పొడవునా ఎవరూ వేయరు. గుళ్లో వేయరు, చాలాసార్లు ఆస్పత్రిలోనూ వేయరు. అడుగుదామన్నా అత్తగారు పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటుంది.

ఇలాంటి వాళ్లలో కొద్దిమందికి ఉండే జబ్బు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. క్లుప్తంగా డీఐడీ. 1980లో అమెరికన్ వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-3 దీన్ని బహుళ వ్యక్తిత్వం పేరుతో గుర్తించింది. 1994లో ఇప్పటి పేరు వచ్చింది. ఒకే మనిషిలో రెండో అంతకన్నా ఎక్కువో వ్యక్తిత్వ స్థితులు వంతులవారీగా పగ్గాలు పట్టడం, మామూలు మతిమరుపు కింద కొట్టిపారేయలేని జ్ఞాపకాల ఖాళీలు దీని ప్రధాన లక్షణాలు. అమెరికా, కెనడా, యూరప్‌లలో ఈ రోగుల్లో సుమారు 90 శాతం మందికి బాల్యంలో హింసో, నిర్లక్ష్యమో అనుభవమైందని 2013 నాటి డీఎస్ఎం-5 చెబుతుంది. ఆస్పత్రులకు వచ్చిపోయే రోగుల్లో 70 శాతానికి పైగా ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లేనని కూడా అదే పుస్తకం చెబుతుంది. ఈ జబ్బుకంటూ ప్రత్యేకించి మందు లేదు. కుంగుబాటుకో, నిద్రకో మందులిస్తారు. అసలు చికిత్స ఏళ్ల తరబడి సాగే సైకోథెరపీ. వారానికోసారి గంటసేపు ఒకే రోగితో కూర్చోవడం మన ఓపీల రద్దీలో ఎంతవరకు సాధ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

మన దేశంలో డీఐడీ నిర్ధారణ అరుదు. 1989లో భారతీయ వైద్యులు మూడు కేసులను అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించడమే పెద్ద విశేషమైంది. బెంగళూరు నిమ్హాన్స్ పదేళ్ల రికార్డులను తిరగేసి 2010లో ప్రచురించిన సమీక్షలోనూ ఎక్కువగా కనిపించినవి మూర్ఛలాంటి డిసోసియేటివ్ ఫిట్స్, కాళ్లూచేతులూ పడిపోవడం వంటివే. మరి మనవాళ్ల మనసులు అంత గట్టివా? నేను నమ్మను. మన దగ్గర ఈ బాధ వేరే వేషంలో వస్తుంది. డీఎస్ఎం-5 కూడా డీఐడీ నిర్వచనంలోనే, కొన్ని సంస్కృతుల్లో దీన్ని ఆవేశించడంగా చెప్పుకుంటారని చేర్చింది. 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అయితే డీఐడీకి ఒక కోడు, ఆవేశించే రుగ్మతకు మరో కోడు ఇచ్చింది.

అలాగని జాతరలో గణాచారికి వచ్చే పూనకం జబ్బు కాదు. డప్పు మోగితే వస్తుంది, హారతితో దిగుతుంది, మర్నాడు ఆ మనిషి మామూలుగా పొలానికి పోతుంది. ఊరంతా దాన్ని ఎదురుచూస్తుంది, గౌరవిస్తుంది. పిలవకుండా వచ్చేది, ఆపుదామన్నా ఆగనిది, సంసారాన్నీ ఉద్యోగాన్నీ పాడుచేసేది జబ్బు. వైద్య గ్రంథాలు ఈ గీత స్పష్టంగానే గీశాయి. హేతువాదం పేరుతో ప్రతి పూనకాన్నీ పిచ్చి అనేవాళ్లూ, భక్తి పేరుతో ప్రతి పిచ్చినీ పూనకం అనేవాళ్లూ ఆ గీతను ఒకేలా చెరిపేస్తున్నారు.

ఈ జబ్బు గురించి మనకున్న చదువంతా సినిమా చదువే. 2005లో రెండు నెలల తేడాతో ‘చంద్రముఖి’, ‘అపరిచితుడు’ వచ్చాయి. రెండూ అరవం నుంచి దిగి బెజవాడ హాళ్లను ఊపేసినవే. రెండింట్లోనూ వ్యక్తిత్వం చీలిన మనిషి ప్రాణాలు తీయడానికి సిద్ధపడే మనిషి. ‘అపరిచితుడు’ కోర్టు సీను చూసి న్యాయశాస్త్రం నేర్చుకున్నవాళ్లు మన బార్ అసోసియేషన్లలోనూ లేకపోలేదు. మనోవ్యాధి అని తేలితే కేసు ఎగిరిపోతుందన్న భ్రమ అక్కడి నుంచే పుట్టింది.

చట్టం అంత తేలికగా వదలదు. పాత శిక్షాస్మృతి 84వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను అయింది. పునాది మాత్రం 1843 నాటి మెక్‌నాటన్ సూత్రాలే. ఆ పని చేస్తున్న క్షణంలో, తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలోనో, అది తప్పని, చట్టవిరుద్ధమని తెలియని స్థితిలోనో మనోవైకల్యం వల్ల ఉన్నాడా అన్నదే పరీక్ష. జబ్బు ఉండటం వేరు, ఈ పరీక్షలో నిలవడం వేరని సుప్రీంకోర్టు 2011లో సురేంద్ర మిశ్రా కేసు సహా పలుమార్లు చెప్పింది. రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడిదే. అయితే ఆ భారం ప్రాసిక్యూషన్ మీద ఉన్నంత బరువైనది కాదనీ, నేరోద్దేశంపై సహేతుకమైన సందేహం కలిగినా చాలనీ 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో అన్నది.

డీఐడీ దగ్గర ఈ పరీక్ష తడబడుతుంది. తానేం చేస్తున్నదో ఆ రెండో వ్యక్తిత్వానికి చక్కగా తెలుసు, తప్పని కూడా తెలుసు. తెలియనిది మొదటి వ్యక్తిత్వానికి. మరి కోర్టు ఎవరి మనసులోకి తొంగిచూడాలి? 1978లో ఒహైయోలో బిల్లీ మిల్లిగన్‌ను అత్యాచార కేసుల్లో ఈ కారణంతోనే నిర్దోషిగా వదిలి ఆస్పత్రికి పంపారు. ఆ మరుసటి ఏడాదే లాస్ ఏంజెలెస్ వరుస హత్యల నిందితుడు కెనెత్ బియాంకీ హిప్నాసిస్‌లో ‘స్టీవ్’ అనే రెండో మనిషిని బయటికి తీశాడు. మార్టిన్ ఓర్న్ అనే సైకియాట్రిస్టుకు అనుమానం వచ్చింది. నిజమైన రోగుల్లో రెండుకు మించి వ్యక్తిత్వాలుంటాయని మాటల్లో ఒక ఎర వదిలాడు. కాసేపటికే మూడో మనిషి ‘బిల్లీ’ హాజరు! చివరికి బియాంకీ నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అమెరికన్ కోర్టులు ఈ వాదన ఎత్తితే చాలు కనుబొమలు ముడివేయడం మొదలుపెట్టాయి.

నా అభిప్రాయం ఇది: శరీరం ఒకటే, శిక్ష పడేదీ ఆ ఒక్క శరీరానికే. అందుకని కోర్టు వ్యక్తిత్వాలను విడివిడిగా విచారించకుండా మనిషి మొత్తాన్నీ చూడాలి. తనను తాను నిలవరించుకునే శక్తి ఆ మనిషికి ఎంతవరకు మిగిలిందో శిక్ష ఖరారు చేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. పూర్తి నిర్దోషిత్వం, పూర్తి శిక్ష అనే రెండు తలుపులే ఉన్న 22వ సెక్షను ఈ జబ్బుకు సరిపోదు.

సిద్ధాంతం అలా ఉంచి ఆచరణకొద్దాం. నేరం జరిగిన క్షణంలోని మనసు కావాలంటుంది చట్టం. వైద్యుడు చూసేది వారాల తర్వాత. రాష్ట్ర విభజనతో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి తెలంగాణకు పోయింది. మనకు మిగిలిన పెద్ద ప్రభుత్వ మానసిక ఆస్పత్రి విశాఖలో ఉంది. విజయవాడ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు కూతుళ్లు హతమైన కేసులో నిందితులైన తల్లిదండ్రులను సబ్‌జైలు నుంచి తిరుపతి రుయా ఆస్పత్రికి, అక్కడి నుంచి విశాఖకు తరలించారు. అది డీఐడీ కేసు కాదు. కానీ వాళ్లు విశాఖ చేరకముందే టీవీ స్టూడియోల్లో రోగనిర్ధారణ పూర్తయిపోయింది. మనోవ్యాధి చరిత్ర ఉందని దర్యాప్తులో తెలిస్తే నిందితుడికి వెంటనే వైద్యపరీక్ష చేయించి ఆ ఆధారాన్ని కోర్టు ముందుంచడం నిజాయితీగల దర్యాప్తు అధికారి బాధ్యతని సుప్రీంకోర్టు 2007లోనే బాపు కేసులో చెప్పింది. అరెస్టయిన రాత్రి స్టేషన్లో అతను ఏ పేరు చెప్పాడు, ఎలా మాట్లాడాడు, ఏం గుర్తులేదన్నాడు అన్నది ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే, తర్వాత ఎంత పెద్ద నిపుణుడొచ్చినా చెప్పేది ఊహే.

ఇంత చెప్పినా, డీఐడీ రోగి హత్య కేసులో నిందితుడిగా మన కోర్టుకు రావడం అరుదులో అరుదు. విడాకుల కేసులో ప్రతివాదిగానో, లైంగిక హింస కేసులో బాధితురాలిగానో వచ్చే అవకాశమే ఎక్కువ. మన చర్చల్లో ఊసే లేనిది ఈ మనిషి గురించే.

ఫ్యామిలీ కోర్టు సంగతి ముందు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షను కింద, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రమైన మానసిక రుగ్మత ఉంటేనే విడాకులు. ఆంధ్రకు చెందిన ఒక డాక్టర్ దంపతుల కేసు 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. భార్యకు స్కిజోఫ్రీనియా అని భర్త వాదన. ఆమె పీజీ డిప్లొమా చేసి ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తోందని కోర్టు గుర్తుచేసి విడాకులు నిరాకరించింది. జబ్బు పేరు కాదు, దాని తీవ్రత చూడాలంది. స్కిజోఫ్రీనియాకు వర్తించిన సూత్రం డీఐడీకి ఎందుకు వర్తించదు? వ్యతిరేక పక్షం రోగనిర్ధారణను సవాలు చేస్తే, దాన్ని మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు పరిశీలనకు పంపాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 105వ సెక్షను చెబుతోంది. భర్త తరఫు లాయరు దాఖలు చేసిన ఒక ప్రిస్క్రిప్షన్ జిరాక్సు మీద వాదన నడిపేయడం కన్నా ఇది ఎంతో మేలు.

ఇక బాధితురాలు. క్రాస్ ఎగ్జామినేషన్లో ఆమెకు ఎదురయ్యే ప్రశ్నలు మన లాయర్లకు కంఠతా వచ్చు. ‘పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంటులో గుర్తులేదన్నావు, ఇప్పుడెలా గుర్తొచ్చింది?’ ‘ఇందాక ఏడ్చావు, ఇప్పుడు నవ్వుతున్నావు, ఏది నిజం?’ మామూలు సాక్షి విషయంలో ఇవి న్యాయమైన ప్రశ్నలే. డిసోసియేషన్ ఉన్న మనిషిలో జ్ఞాపకం ఖాళీ కావడం, ముక్కలుగా తిరిగిరావడం, ముఖంలో భావం మాటతో కలవకపోవడం జబ్బు లక్షణాలే. అబద్ధానికి గుర్తులుగా కోర్టు చూసేవీ సరిగ్గా ఇవే.

2019లో సిడ్నీ కోర్టులో జెని హేన్స్ అనే మహిళ, చిన్ననాట ఏళ్ల తరబడి అత్యాచారం చేసిన కన్నతండ్రి మీద సాక్ష్యం చెప్పింది. ఆమె లోపలి వ్యక్తిత్వాలు వాటి వాటి పేర్లతో సాక్ష్యమివ్వడానికి కోర్టు అనుమతించింది. మొదట బోనెక్కింది ‘సింఫనీ’ అనే నాలుగేళ్ల పిల్ల. రెండో రోజుకే తండ్రి నేరం ఒప్పుకున్నాడు. 45 ఏళ్ల జైలు పడింది. అయితే అతను ఒప్పేసుకోవడంతో ఆ సాక్ష్యం క్రాస్ ఎగ్జామినేషన్ వేడిని తట్టుకునే అవసరం రాలేదు. దాన్ని పట్టుకుని ఎక్కడైనా ఇలాగే చెల్లుతుందని ఉత్సాహపడితే బోల్తా పడతాం.

ఎందుకంటే తేలిగ్గా నమ్మేసే వైపు ప్రమాదమూ చిన్నది కాదు. హిప్నాసిస్‌లో ‘తవ్వితీసిన’ జ్ఞాపకాలను నమ్మి అమెరికాలో ఎన్నో కుటుంబాలు కోర్టుకెక్కాయి, వాటిలో చాలా కూలిపోయాయి. డాక్టరే ‘మీ బాబాయి ఏమైనా చేశాడా?’ అని అడిగితే, సూచనకు తేలికగా లొంగే ఆ మనసు అవుననే అనవచ్చు. పోక్సో కేసులో నిందితుడి జీవితం కూడా జీవితమే. కాబట్టి వైద్యుడు జవాబును సూచించని ప్రశ్నలే అడగాలి: ‘ఏం జరిగింది? తర్వాత?’ రోగి మాటలను రోగి మాటల్లోనే, తేదీ వేసి, ఏ స్థితిలో ఉన్నప్పుడు చెప్పిందో గుర్తించి రాయాలి. ‘నాన్-కోఆపరేటివ్’, ‘హిస్టీరికల్’ అన్న ఒంటి మాటలు నాలుగేళ్ల తర్వాత కోర్టులో ఎవరికీ పనికిరావు, డిఫెన్సు లాయరుకు తప్ప.

చట్టంలో దారి లేదనడానికి వీల్లేదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 124వ సెక్షను ప్రకారం ప్రశ్న అర్థం చేసుకుని సబబైన జవాబివ్వగలిగితే మనోవైకల్యం ఉన్నా సాక్షే. 2022 జనవరిలో సుప్రీంకోర్టు, రక్షణ అవసరమైన సాక్షుల నిర్వచనంలోకి మానసిక వ్యాధి ఉన్నవాళ్లనూ చేర్చింది. అంటే నిందితుడి ముఖం చూడనక్కర్లేని గదిలో, విరామాలు తీసుకుంటూ సాక్ష్యమిచ్చే సౌకర్యం ఆమె అడిగి పుచ్చుకోగల హక్కు. లైంగిక నేరాల్లో బాధితురాలికి తాత్కాలికంగానైనా మానసిక వైకల్యం ఉంటే మేజిస్ట్రేటు వాంగ్మూలాన్ని ఆడియో వీడియోలో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షను చెబుతోంది. ఆ వీడియోనే ముఖ్య విచారణగా పరిగణిస్తారు. కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన పని ఉండదు. డీఐడీ రోగికి ఇంతకన్నా కావలసింది లేదు: గొంతు మారిన క్షణం, మాట ఆగిపోయిన క్షణం టైపిస్టు కాగితం మీదికెక్కవు, వీడియోలో ఎక్కుతాయి. డిఫెన్సుకూ అది మేలే, ప్రశ్నలో ఎర ఉందో లేదో వినిపిస్తుంది.

2022 ఆగస్టులో విజయవాడలో కొత్త కోర్టుల భవనం ప్రారంభమైంది. అక్కడైనా, బందరు కోర్టులోనైనా ఈ సెక్షన్ల కింద దరఖాస్తు వేయాలంటే ముందు ఒక డాక్టరు కాగితం కావాలి. అందులో జబ్బు పేరు, ఐసీడీ కోడు, ఈ మనిషి ఏం చెప్పగలదు, ఎప్పుడు చెప్పలేదు అన్న నాలుగు వాక్యాలు ఉండాలి. సూర్యారావుపేట నుంచి ఆ అమ్మాయి తెచ్చుకున్న కాగితంలో ఉన్నది ‘హిస్టీరియా’ అన్న ఒక్క మాట. దానితో ఆమె లాయరు ఏ దరఖాస్తూ వేయలేడు.